చిల్లర ఇవ్వని బస్సు

కరీబియన్ దీవి బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో బస్సెక్కి ఐదు డాలర్ల నోటిస్తే, టికెట్టు మూడున్నర డాలర్లే అయినా చిల్లర తిరిగి ఇచ్చే పద్ధతి అక్కడ లేదని డ్రైవరు చెప్పాడు. బార్బడోస్ డాలరు అమెరికా డాలరులో సగమే కాబట్టి పోయింది అరవై రూపాయల పైచిలుకు. దానితో నంద్యాలలో ఇద్దరు టిఫిను తినవచ్చునని గొణుక్కుంటూ ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను.

నేను చూడబోతున్న కాడ్రింగ్టన్ క్రైస్తవ వేదాంత కళాశాల దగ్గరే ఆమె ఇల్లట. బారులు తీరిన చెట్లు, తామరకొలను బాగుంటాయని విని బయలుదేరినవాణ్ణి, అంతకుమించి నాకేమీ తెలియదు. మాటల్లో మాటగా, నేను చదువుకున్నది ఎస్.పి.జి. అనే ఇంగ్లండు క్రైస్తవ మిషన్ వారి హైస్కూలులోనని చెప్పగానే ఆమె తన గుండె మీద వేలితో గీస్తూ, 'సొసైటీ' అనే మాటను ఒక్కొక్క అక్షరంగా పలికారు. నాకు అర్థం కాలేదు.

ఆమె చెప్పినదానిని ఆ రాత్రి చదివి సరిచూసుకున్నాను. సువార్త వ్యాప్తి కోసం 1701లో లండన్‌లో ఏర్పడిన ఆ ఎస్.పి.జి. సంఘానికి (ఇంగ్లీషులో 'సొసైటీ'), 1710లో మరణించిన క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ తన చెరకు తోటలు రెండింటిని బానిసలతో సహా వీలునామా రాశాడు. అక్కడ ఎప్పుడూ కనీసం 300 మంది బానిసలు ఉండాలని షరతు కూడా పెట్టాడు. సంఘంవారు బానిసల ఛాతీ మీద కాల్చిన ఇనుముతో 'సొసైటీ' అనే వాత వేయించారు. బానిసత్వం రద్దు చేసినప్పుడు బ్రిటన్ రెండు కోట్ల పౌన్ల పరిహారం ఇచ్చింది, అయితే యజమానులకు. 411 మందికిగాను ఈ సంఘానికి 8,823 పౌన్లు ముట్టాయి. తోటలో ఎండకు మాడినవారికి దమ్మిడీ రాలేదు.

సండే స్కూలులో మేము బైబిలులోని సుంకరి జక్కయ్య మేడిచెట్టు ఎక్కడాన్ని అభినయించి చూపేవాళ్లం. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని అతడు అన్న తరువాతనే యేసు నోట రక్షణ అనే మాట వచ్చిందని మాకెవరూ నొక్కి చెప్పిన గుర్తు లేదు. బానిసత్వంలో తన పాత్రకు ఇంగ్లండు చర్చి 2006లో తన పాలకసభ అయిన సినడ్‌లో క్షమాపణ చెప్పింది. డబ్బు మాట రావడానికి మరో పదిహేడేళ్లు పట్టింది: ఎస్.పి.జి.కి వారసురాలైన సంస్థ 2023లో కాడ్రింగ్టన్ ప్రజల అభివృద్ధికి, బానిసల సమాధుల గుర్తింపుకు, వంశచరిత్రల పరిశోధనకు డెబ్బై లక్షల పౌన్లు ప్రకటించింది. ఆ డబ్బును నేను బస్సులో 'సాయం' అని అనువదించుకోబోతే ఆవిడ ఒప్పుకోలేదు. "అది బాకీ, బాబూ" అన్నారు.

నాకు జవాబు తోచలేదు. ఊరి బడి గుమ్మం తొక్కనివ్వని మా తాతకు అక్షరాలు నేర్పింది ఆ మిషనే. ఆ ఋణం నాకుంది. దానిని చూపి ఆమె బాకీని తగ్గించే హక్కు మాత్రం నాకు లేదు.

దిగబోతుండగా ఆమె అడిగారు: "మీ ఊళ్లో వాళ్లేం చేశారు?"

"బడి కట్టారమ్మా."

చెట్ల బారు చివర తెల్లగా కనిపిస్తున్న కళాశాల వైపు ఆమె గడ్డం ఎత్తి చూపారు. "మాకూ కట్టారు."