గాలి కొట్టిన వాళ్లం

మా బడి పక్క చర్చిలో పైప్ ఆర్గన్ (మెట్లు నొక్కితే గొట్టాల్లోకి గాలి వెళ్లి పలికే వాద్యం) ఉండేదంటే ఇప్పటి పిల్లలు కీబోర్డు అనుకుంటారు. అది ఓ గోడంతా ఆక్రమించేది. కంటోన్మెంట్ దొరల కోసం ఇంగ్లండు నుంచి ఓడలో బొంబాయికి, అక్కణ్ణుంచి రైల్లో సికింద్రాబాదుకి తెచ్చారని పెద్దవాళ్లు చెప్పేవారు. బొంబాయి లైనులోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకి రైలు లైను పడింది 1874లో. ఆ మాట నిజమైతే ఆర్గన్ వచ్చింది ఆ తర్వాతే.

వాయించేది ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ, గాలి కొట్టేది మేం. వెనక ఇరుకు గదిలో పొడుగాటి కర్ర పిడి. దాన్ని ఆడిస్తుంటే తోలు తిత్తి నిండేది. తిత్తికి కట్టిన దారం చివర సీసం గుండు వేలాడేది. గాలి తగ్గేకొద్దీ గుండు పైకి లేస్తుంది. చెక్క మీది గీత దాటిందా, పాట మధ్యలోనే స్వరం నీరసించిపోయేది. ప్రసంగం సాగుతుండగా కునుకు తీసినవాళ్లకి ఆ టెన్షన్ బాగా తెలుసు!

ముందు మెరిసే గొట్టాల్లో కొన్ని ఉత్తుత్తివే. పలికేవి వెనకుండేవి: కొన్ని తగరం, సీసం కలిపి చేసినవి, కొన్ని చెక్కవి. ఊడొచ్చిన ఓ చెక్క గొట్టాన్ని ఫిజిక్స్ సార్ ల్యాబుకి తెచ్చుకున్నారు. నోటితో ఊదుతూ పైకొనని అరచేత్తో మూసేవారు, స్వరం ఒక స్థాయి కిందికి దిగేది. ఆ పాఠం పరీక్షలో ఎవరూ తప్పలేదు.

మన ఎండలకి చెక్క పగిలేది, తోలు బీటలు వారేది. వానాకాలం చెక్క ఉబ్బి ఏదో మెట్టు ఇరుక్కుంటే ఆ ఒక్క స్వరం ఆగకుండా మోగుతూనే ఉండేది. బాగుచేసేవాడు ఊళ్లో లేడు. అయినా నన్నడిగితే దాని పని పట్టింది ఎండ కాదు. దొరలు వెళ్లిపోయారు, 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ. చర్చి) ఏర్పడింది, ఇంగ్లీషు ఆరాధనకి జనం పలచబడ్డారు. తెలుగు ఆరాధనకేమో కూర్చోను చోటుండేది కాదు. పురుషోత్తమ చౌదరి గారి తెలుగు క్రైస్తవ కీర్తనలకి హార్మోనియం, తబలా సరిపోయేవి. మా అమ్మ ఆర్గన్ వైపు కన్నెత్తి చూసేదే కాదు. ఆవిడ పాటకి దాని అవసరం ఎప్పుడూ పడలేదు మరి.

మేం బడి వదిలాక ఎప్పుడో గొట్టాలన్నీ తూకానికి అమ్మేశారు. అవసరం తీరిందంటే ఒప్పుకుంటాను, సీసం ధరకి అమ్మడం మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. కనీసం ఓ ఫొటో అయినా తీసి పెట్టుకోలేదు.

మీ ఇళ్లలో చర్చి లోపల తీసిన పెళ్లి ఫొటోలుంటే ఒకసారి వెతకండి. వధూవరుల వెనక గొట్టాలు కనిపిస్తే కాపీ తీయించి ఈ సంచిక తెస్తున్న కమిటీకి పంపండి.