అమెరికాలో మన పిల్లలు స్కూల్ సైకాలజీలో డాక్టరేట్ చేస్తామంటే

సైకాలజీ మేజర్ చదువుతున్న అమ్మాయి కాలేజీ మూడో ఏడాదిలో "స్కూల్ సైకాలజీలో పిహెచ్‌డికి అప్లై చేస్తాను" అంటే మన ఇళ్లలో సాధారణంగా రెండు ప్రశ్నలు వస్తాయి. అది కౌన్సెలర్ ఉద్యోగమే కదా, దానికి డాక్టరేట్ ఎందుకు? అన్నేళ్లు చదివేదేదో మెడిసిన్ చదివి సైకియాట్రిస్ట్ కావచ్చు కదా? అడగాల్సిన ప్రశ్నలే ఇవి. జవాబు తెలియకుండా ఔనన్నా కాదన్నా నష్టపోయేది పిల్లలే.

స్కూల్ కౌన్సెలర్ క్లాసుల ఎంపిక, కాలేజీ అప్లికేషన్లు, స్నేహితుల మధ్య గొడవలు చూస్తారు. సైకియాట్రిస్ట్ వైద్యుడు, మందులు రాస్తారు. స్కూల్ సైకాలజిస్ట్ పని ఈ రెండూ కాదు. ఒక పిల్లవాడికి చదవడం ఎందుకు రావడం లేదు, లెక్కలు ఎక్కడ ఆగిపోతున్నాయి, క్లాసులో ఎందుకు కుదురుగా ఉండలేకపోతున్నాడు అన్నది తేల్చి, బడి అతనికి ఏం చేయాలో చెప్పడం. దీని వెనక చట్టం ఉంది. వికలాంగులైన పిల్లలందరికీ విద్య అందాలని 1975లో అమెరికా చేసిన చట్టానికి 1990లో ఐడియా అని పేరు మారింది, 2004లో దాన్ని మళ్లీ సవరించారు. అందులో వైకల్యాలకు 13 విభాగాలున్నాయి. పిల్లవాడిని పరీక్షించడానికి ఒప్పుకుంటూ తల్లిదండ్రులు సంతకం పెట్టిన రోజు నుంచి 60 రోజుల్లో ఇవాల్యుయేషన్ పూర్తి కావాలి. రాష్ట్రం తన గడువు తాను పెట్టుకుంటే అదే వర్తిస్తుంది. టెక్సస్‌లో అది 45 బడి రోజులు.

ఒక్క ఇవాల్యుయేషన్ ఎలా నడుస్తుందో చూస్తే ఉద్యోగం స్వరూపం తెలుస్తుంది. చదవడంలో వెనకబడిన ఎనిమిదేళ్ల పిల్లవాడిని తీసుకుందాం. ముందు పాత రికార్డులు చూడాలి: హాజరు, కంటిచూపు, వినికిడి పరీక్షల ఫలితాలు, ఎన్ని బళ్లు మారాడు. తర్వాత క్లాసులో ఓ మూల కూర్చుని, పదిహేను సెకన్లకోసారి పిల్లవాడు పనిలో ఉన్నాడా లేదా అని గుర్తు పెట్టుకుంటూ, పక్కనున్న మరో పిల్లవాడితో పోల్చాలి. ఆ తర్వాత విస్క్-5 లాంటి తెలివితేటల పరీక్ష. ఇందులో పది ప్రధాన భాగాలుంటాయి, వాటిలో ఏడింటి నుంచి మొత్తం స్కోరు వస్తుంది. చదవడం, రాయడం, లెక్కలకు వేరే పరీక్ష. టీచరుకూ తల్లిదండ్రులకూ ప్రశ్నపత్రాలు, ఇంటర్వ్యూ. చివరికి పదిహేను ఇరవై పేజీల రిపోర్టు, మీటింగు. ఏ ఒక్క స్కోరూ దానంతటదే నిర్ణయం చేయదు. అన్నీ ఒకదానితో ఒకటి ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విభేదిస్తున్నాయో చదవగలగడమే ఈ విద్య.

ఉద్యోగాలకు కొరత లేదు. అమెరికా స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం నాస్ప్ సిఫారసు ప్రకారం 500 మంది విద్యార్థులకు ఒకరుండాలి. దేశం మొత్తం మీద సగటు వెయ్యి దాటే ఉంది.

ఇక డాక్టరేట్ సంగతి. బడిలో ఈ ఉద్యోగం చేయడానికి డాక్టరేట్ అక్కర్లేదు. స్పెషలిస్ట్ స్థాయి డిగ్రీ, అంటే ఎడ్.ఎస్. లేదా దానికి సమానమైనది, చాలు. కనీసం 60 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు, మూడేళ్లు. అందులో చివరి ఏడాది 1,200 గంటల ఇంటర్న్‌షిప్. కనీసం 600 గంటలు బడిలోనే గడవాలి. ప్రాక్సిస్ 5403 పరీక్షలో 155 తెచ్చుకుంటే జాతీయ సర్టిఫికెట్ ఎన్‌సీఎస్‌పీకి అర్హత వస్తుంది. ఇప్పుడు బళ్లలో పనిచేస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఈ దారిన వచ్చినవాళ్లే.

అలాంటప్పుడు ఐదారేళ్లు ఎందుకు? యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలన్నా, పరిశోధన చేయాలన్నా, ఆసుపత్రిలో పనిచేయాలన్నా, సైకాలజిస్టుగా రాష్ట్ర లైసెన్సుతో సొంత ప్రాక్టీసు పెట్టాలన్నా డాక్టరేట్ కావాలి. వీటిలో ఏదీ అమ్మాయి మనసులో లేకపోతే, బడిలో పిల్లలతో పనే ఇష్టమైతే, ఎడ్.ఎస్. మేలైన నిర్ణయం. రెండుమూడేళ్ల జీతం ముందే చేతికొస్తుంది. డిస్ట్రిక్టు జీతాల పట్టికలో డాక్టరేట్‌కు కలిసే మొత్తం సాధారణంగా ఆ తేడాను పూడ్చదు. పేరు ముందు డాక్టర్ అని ఉండాలన్న మన కోరిక మాత్రం ఇన్నేళ్లకు సరిపడా కారణం కాదు. ఆ ఏళ్లను మోసేది పరిశోధన మీద ఆసక్తే.

డాక్టరేట్ అనుకున్నాక మొదట చూడాల్సింది ప్రోగ్రాంకు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు, అంటే ఏపీఏ అక్రెడిటేషన్, ఉందా లేదా అన్నది. గుర్తింపు లేని ప్రోగ్రాంలో చదివితే ఇంటర్న్‌షిప్ దగ్గర ఒకసారి, లైసెన్సు దగ్గర మరోసారి ఇబ్బంది పడాలి. యూటీ ఆస్టిన్, మిన్నెసోటా, విస్కాన్సిన్–మాడిసన్, నెబ్రాస్కా–లింకన్ లాంటి చోట్ల పిహెచ్‌డి ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో రట్గర్స్ సై.డి., అంటే పరిశోధన కంటే ప్రాక్టీసు మీద ఎక్కువ దృష్టి పెట్టే డాక్టరేట్, ఇస్తుంది. పిహెచ్‌డిలో సాధారణంగా అసిస్టెంట్‌షిప్, ఫీజు మాఫీ, చిన్న స్టైపెండ్ ఉంటాయి, సై.డి.లో ఎక్కువ భాగం సొంత ఖర్చు. వెబ్‌సైటులో "ఫండింగ్ అందుబాటులో ఉంది" అన్న వాక్యాన్ని నమ్ముకోకూడదు. ఎంతమందికి, ఎన్నేళ్లు, ఫీజు మాఫీలో హెల్త్ ఇన్సూరెన్స్ కలిసి ఉందా అని ఇంటర్వ్యూ రోజున అక్కడి విద్యార్థులనే అడగాలి.

అప్లికేషన్ల గడువు చాలాచోట్ల డిసెంబర్ 1కి అటూఇటూ ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిలో ఇంటర్వ్యూలు, ఏప్రిల్ 15లోగా జవాబు. ప్రొఫెసర్లు తమ దగ్గర పనిచేసే విద్యార్థిని తామే ఎంచుకునే పద్ధతి ఎక్కువ కాబట్టి, ఆగస్టు సెప్టెంబర్లలోనే "వచ్చే ఏడాది కొత్త విద్యార్థిని తీసుకుంటున్నారా" అని చిన్న ఈమెయిల్ పెట్టాలి. ఆ ఏడాది ఎవరినీ తీసుకోని ప్రొఫెసర్ పేరు వ్యాసంలో రాస్తే అప్లికేషన్ ఫీజు వృథా. జీపీఏ బాగున్నా తిరస్కరణ రావడానికి తరచూ కనిపించే కారణాలు రెండు: రీసెర్చ్ ల్యాబ్‌లో పనిచేసిన అనుభవం లేకపోవడం, పిల్లలతో నేరుగా పనిచేసిన అనుభవం లేకపోవడం. రెండోదానికి మంచి మార్గం ఉంది. 40 గంటల శిక్షణ, దానిపైన ప్రాక్టికల్ అసెస్‌మెంట్, పరీక్ష పూర్తి చేసి రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్‌గా ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేయవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండి హైస్కూల్ పూర్తయితే చాలు. ఆ ఏడాది చేశాక ఈ రంగం తనకు సరిపడుతుందో లేదో అమ్మాయికే తెలిసిపోతుంది.

వీసా విషయం మన ఇళ్లలో ప్రత్యేకం. చిన్నప్పుడే వచ్చి, ఇంగ్లీషే మొదటి భాషగా పెరిగి, గ్రీన్‌కార్డు వరస కదలక, తల్లిదండ్రుల హెచ్-1బి మీద ఆధారపడ్డ హెచ్-4 వీసాలోనే ఉన్న పిల్లలు చాలామంది. 21 నిండితే హెచ్-4 పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. నిండకపోయినా హెచ్-4 మీద అసిస్టెంట్‌షిప్ తీసుకోవడానికి లేదు, అది ఉద్యోగం కిందికి వస్తుంది. ఆఫర్ వచ్చాక స్టేటస్ మార్పు మొదలుపెడితే ఆగస్టుకు అందకపోవచ్చు. గడువు లెక్క అప్లికేషన్ నాటి నుంచే వేసుకోవాలి. ఎఫ్-1లో ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి, వాడతారు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండిందంటే ఆ డిగ్రీ మీద రావాల్సిన ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, మొత్తం పోతుంది. డాక్టరల్ ఇంటర్న్‌షిప్‌లు పది నుంచి పన్నెండు నెలలుంటాయి గనుక ఆఫర్ లెటర్‌లో తేదీలు ఖరారు కాకముందే ఇంటర్నేషనల్ ఆఫీసుకు చూపించాలి. ఇంకొకటి: యూనివర్సిటీలకు ఉన్న హెచ్-1బి లాటరీ మినహాయింపు మామూలు పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్టులకు లేదు. ఇది తెలిసి దిగాలి.

సిటిజన్లకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ ఫెడరల్ లోన్లు ఉన్నాయి, కానీ నిబంధనలు మారాయి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్ లేదు. ప్రొఫెషనల్ డిగ్రీ కింద లెక్కకు రాని గ్రాడ్యుయేట్ ప్రోగ్రాంలలో విద్యార్థులకు పరిమితి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష. ఫండింగ్ లేని ప్రోగ్రాం విషయంలో ఈ లెక్క మొదటిరోజే కాగితం మీద వేయాలి. పబ్లిక్ స్కూల్లో పనిచేస్తూ అర్హమైన 120 నెలసరి చెల్లింపులు పూర్తిచేస్తే మిగతా ఫెడరల్ అప్పు మాఫీ అయ్యే పథకం ఉంది.

చదువులో మొదటి రెండేళ్లు కోర్సులు, పరీక్షలు పెట్టడంలో శిక్షణ. తర్వాతి రెండేళ్లు ప్రాక్టికం (పర్యవేక్షణలో చేసే పని), కాంప్రహెన్సివ్ పరీక్షలు, డిసర్టేషన్ ప్రపోజల్. ఆపైన 1,500 గంటల ఇంటర్న్‌షిప్. అందరూ ఆలస్యమయ్యేది డిసర్టేషన్ దగ్గరే, అదీ బడి పిల్లల మీద పరిశోధన అయితే మరీను. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఒకటి, డిస్ట్రిక్టు అనుమతి మరొకటి, తల్లిదండ్రుల సంతకాలు ఇంకొకటి. పిల్లల బ్యాగుల్లో ఇంటికి వెళ్లిన ఫారాల్లో చాలా భాగం తిరిగి రావు. వసంతకాలంలో రాష్ట్ర పరీక్షలు మొదలయ్యాక ఏ ప్రిన్సిపాలూ క్లాసు సమయం ఇవ్వరు. సెప్టెంబర్ నుంచి నవంబర్ లోపు డేటా సేకరణ మొదలుకాకపోతే ఏడాది పోయినట్టే. నాలుగో ఏడాది శరదృతువుకు ప్రపోజల్ ఆమోదం పొందాలన్నది వీలైనంత గట్టిగా పట్టుకోవాల్సిన లక్ష్యం. ఇంటర్న్‌షిప్ అప్లికేషన్లు కూడా నవంబర్‌లోనే, విద్యార్థులనూ ఇంటర్న్‌షిప్ చోట్లనూ జతకలిపే మ్యాచ్‌లో మొదటి విడత ఫలితం ఫిబ్రవరిలో. ఆ శీతాకాలం ఇంటికి ఎందుకు రాలేదని అడగకుండా ఉండటం కన్నవాళ్లు చేయగల సాయం.

రెండు సంస్కృతుల మధ్య పెరగడం ఈ రంగంలో నిజమైన అర్హత. 1970లో కాలిఫోర్నియాలో డయానా కేసు నడిచింది. ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో తెలివితేటల పరీక్ష పెట్టి, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల క్లాసుల్లో వేశారు. స్పానిష్‌లో మళ్లీ పరీక్షిస్తే వాళ్లలో ఎక్కువమంది ఆ హద్దులో లేరు. పిల్లలకు వచ్చిన భాషలో, సంస్కృతిపరంగా వివక్ష లేకుండా పరీక్షించాలన్న నియమం ఇప్పుడు చట్టంలోనే ఉంది. తెలుగు పిల్లల విషయంలో అది ఆచరణలో కష్టం, ఎందుకంటే అమెరికాలో వాడే ప్రధాన పరీక్షలకు తెలుగు నార్మ్స్, అంటే స్కోరును పోల్చి చూసే పట్టికలు, లేవు. అప్పటికప్పుడు అనువదిస్తే సరిపోదు. అంకెల వరస విని తిరిగి చెప్పే భాగాన్నే చూడండి. ఇంగ్లీషులో అంకెల పేర్లు దాదాపు అన్నీ ఒక్క అక్షరం పలికినంత పొట్టివి. తెలుగులో ఎనిమిది, తొమ్మిది, నాలుగు పొడవైనవి. పలకడానికి ఎక్కువసేపు పట్టే మాటలు తాత్కాలిక జ్ఞాపకంలో తక్కువ నిలుస్తాయి. కాబట్టి అదే పిల్లవాడికి తెలుగులో స్కోరు తగ్గవచ్చు, ఇంగ్లీషు పట్టికతో పోలిస్తే లేని లోపం ఉన్నట్టు కనిపిస్తుంది.

రోజువారీ పనుల్లో స్వతంత్రతను కొలిచే వైన్‌ల్యాండ్-3 దగ్గర ఇంకో చిక్కు. సొంతంగా తింటాడా, తయారవుతాడా, ఇంటిపనులు చేస్తాడా అని అడుగుతారు. అమ్మమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టే ఇంట్లో ఆరేళ్ల పిల్లవాడికి అక్కడ స్కోరు పడిపోతుంది. చేతకాక తినడం లేదా, అవసరం రాక తినడం లేదా అన్నది స్కోరు చెప్పదు. బడి క్యాంటీన్లో ఎలా తింటున్నాడో వెళ్లి చూసినవాళ్లకే తెలుస్తుంది. అలా చూడాలన్న ఆలోచన మన ఇళ్లలో పెరిగిన సైకాలజిస్టుకు ముందుగా తడుతుంది. అదే మనిషి రెండో వైపు పొరపాటు కూడా చేయవచ్చు: "మన ఇళ్లలో ఇంతే" అనుకుని నిజంగా ఉన్న ఆలస్యాన్ని వదిలేయడం. అందుకే సూపర్‌విజన్‌లో ఈ కేసులు విడిగా చర్చించాలి.

మీటింగులో స్కోర్లు చెప్పడం మరో నైపుణ్యం. సగటు 100, స్కోర్లు దానికి అటూఇటూ మామూలుగా చెదిరే తేడా 15 ఉన్న కొలతలో 85 వస్తే మన తల్లిదండ్రులు నూటికి 85 మార్కులు అనుకుని సంతోషిస్తారు. పక్క గడిలో పర్సంటైల్ 16 అని చూసి ఫెయిలైనట్టు కంగారు పడతారు. రెండూ ఒకటే మాట: అదే వయసున్న వందమందిలో సుమారు 16 మంది ఈ స్థాయిలో గానీ దీనికి కింద గానీ ఉంటారు. దీన్ని తెలుగులో తడుముకోకుండా చెప్పగలగాలంటే ఇంట్లో మాట్లాడే తెలుగు చాలదు, సాధన చేయాలి. భోజనాల దగ్గర రిపోర్టులోని ఒక పేరాను, పేర్లు లేకుండా, తాతయ్యకు అర్థమయ్యేలా చెప్పమని అడిగితే అది మంచి సాధనే.

డిగ్రీతో ఇండియాకు వెళ్లాలనుకుంటే అక్కడి చట్రం వేరు. క్లినికల్ సైకాలజిస్టులకు 1992 చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది, అమెరికా డిగ్రీకి అక్కడి గుర్తింపు విడిగా తెచ్చుకోవాలి. నేర్చుకునే వయసులో మాత్రం సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీని, సెలవుల్లో వెళ్లినప్పుడు చూసి రావడం మంచిది.

డిగ్రీ తర్వాత లైసెన్సుకు ఈపీపీపీ అనే పరీక్ష: 225 ప్రశ్నలు, నాలుగుంపావు గంటలు, చాలా రాష్ట్రాల్లో పాస్ స్కోరు 500. కొన్ని రాష్ట్రాలు పోస్ట్‌డాక్ గంటలు కూడా అడుగుతాయి. బడిలో పనిచేయడానికి కావాల్సిన అనుమతి దీనికి వేరు. టెక్సస్‌లో సైకాలజిస్ట్ లైసెన్సు ఉన్నా పబ్లిక్ స్కూల్లో పనికి ఎల్‌ఎస్‌ఎస్‌పీ అనే బడి సైకాలజీ లైసెన్సు విడిగా తీసుకోవాలి. పెళ్లయ్యాకో, ఇంట్లో ఒకరి ఉద్యోగం మారో రాష్ట్రం దాటడం మనవాళ్లలో మామూలు. అప్పుడు కొత్త రాష్ట్రం పాత కోర్సుల సిలబస్‌లు, ప్రాక్టికం గంటల లాగ్, బడిలో గడిచిన గంటల విభజన, సూపర్‌వైజర్ లైసెన్స్ నంబరు, సంతకం అడుగుతుంది. సూపర్‌వైజర్ రిటైరయ్యాక వీటి కోసం వెతకడం చాలా కష్టం. ప్రతి సెమిస్టర్ ముగిసిన వారంలోనే సంతకం తీసుకుని, స్కాన్ చేసి, యూనివర్సిటీ ఖాతాలో కాకుండా సొంత ఖాతాలో దాచుకోవాలి. చదువు అయిపోయాక యూనివర్సిటీ ఈమెయిల్ మూతపడవచ్చు.