డిష్‌ను సరిచేస్తే బొమ్మ మెరుగుపడుతుందా?

శాటిలైట్ టీవీలో బొమ్మ మసకగా ఉన్నా, గళ్లుగళ్లుగా విడిపోయినా చాలామంది ముందుగా అనుమానించేది డిష్‌నే. అనలాగ్ రోజుల్లో ఆ అనుమానం న్యాయమైనదే, ఎందుకంటే సిగ్నల్ తగ్గే కొద్దీ తెరపై చుక్కలు పెరిగేవి. డిజిటల్ ప్రసారంలో మాత్రం బిట్లన్నీ సరిగ్గా చేరినంతసేపూ, సెట్‌టాప్ బాక్సులో క్వాలిటీ 60 శాతం చూపినా 90 చూపినా తెర మీదకు వచ్చేది ఒకే బొమ్మ.

దీనికి కారణం దోష సవరణ. శాటిలైట్ డిజిటల్ ప్రసారానికి 1994లో ప్రమాణంగా వెలువడిన డీవీబీ-ఎస్ పద్ధతిలో 188 బైట్ల ప్రతి ప్యాకెట్‌కూ రీడ్-సోలొమన్ అనే దోష సవరణ కోడ్ మరో 16 బైట్లు చేరుస్తుంది. ఆ 204 బైట్లలో ఏ 8 పాడైనా, ఒక్కో బైటులో ఒక బిట్ తప్పినా ఎనిమిదీ తప్పినా, డీకోడర్ అసలు బైట్లను యథాతథంగా రాబట్టగలదు. తొమ్మిదోది కూడా పాడైతే ఆ ప్యాకెట్ ఇక దక్కదు. రిసీవర్‌లో దీనికి ముందు పనిచేస్తూ తొలి విడత దోషాలను సవరించే విటెర్బీ డీకోడర్ పొరబడినప్పుడు తప్పులు గుంపుగా వస్తాయి కాబట్టి, ఒకే ప్యాకెట్ మీద ఆ భారమంతా పడకుండా బైట్లను 12 ప్యాకెట్ల మేర చెదరగొట్టి పంపుతారు. ఈ అమరికలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం ఇదే.

ఈ రక్షణ ఉచితంగా రాదు. సెకనుకు 2.75 కోట్ల సింబళ్లతో (ఒక్కో విడతలో పంపే సంకేతాలతో), ఒక్కో సింబల్ మీద రెండు బిట్లు మోసే క్యూపీఎస్‌కే పద్ధతిలో నడిచే ట్రాన్స్‌పాండర్‌లో (ఉపగ్రహంలో సిగ్నల్‌ను అందుకుని తిరిగి పంపే భాగంలో) ఎఫ్‌ఈసీ 3/4 పెడితే, అంటే విటెర్బీ దశలో ప్రతి నాలుగు బిట్లకు మూడే అసలు సమాచారం అయితే, ఉపయోగపడే వేగం సెకనుకు సుమారు 38 మెగాబిట్లు. 7/8 పెడితే 44కు పెరుగుతుంది కానీ వర్షాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది.

బొమ్మ నాణ్యత తేలేది ఈ 38 మెగాబిట్లను ఎన్ని ఛానళ్లు పంచుకుంటున్నాయన్న దగ్గరే. వాటా చాలని ఛానల్‌లో కెమెరా వేగంగా కదిలినప్పుడు మైదానంలోని గడ్డి ముద్దగా మారి, కెమెరా నిలవగానే మళ్లీ తేటపడుతుంది. అది బొమ్మను తక్కువ బిట్లలోకి కుదించే కంప్రెషన్ లోపం, ఉపగ్రహానికి చేరకముందే జరిగిపోయిన నష్టం. ఎంత పెద్ద డిష్ పెట్టినా పోదు. సిగ్నల్ లోపం అలా ఉండదు: కదలని దృశ్యంలోనూ అడ్డదిడ్డంగా గళ్లు పడతాయి, శబ్దం తెగుతుంది, తర్వాతి పూర్తి ఫ్రేమ్ వచ్చేదాకా ఆ మచ్చ తెరపై మిగిలిపోతుంది.

తర్వాత వచ్చిన డీవీబీ-ఎస్2, రాబర్ట్ గాలగర్ అనే పరిశోధకుడు 1960ల తొలినాళ్లలోనే ప్రతిపాదించిన ఎల్‌డీపీసీ అనే మరింత సమర్థమైన దోష సవరణ కోడ్లను వాడుకుని, అదే ట్రాన్స్‌పాండర్‌లో సుమారు 30 శాతం ఎక్కువ సమాచారాన్ని పంపగలుగుతోంది. అలా మిగిలిన చోటులో మరిన్ని ఛానళ్లను ఇరికించకుండా, ఉన్న ఛానళ్లకే బిట్‌రేటు పెంచాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అయినా డిష్‌ను జాగ్రత్తగా తిప్పి అమర్చుకోవడం అవసరమే. ఇళ్ల డిష్‌లు అందుకునే కేయూ బ్యాండ్ అనే పౌనఃపున్యాల సిగ్నల్‌ను వాన బాగా మింగేస్తుంది. ఆకాశం తేటగా ఉన్నప్పుడు అవసరానికి మించి సిగ్నల్ ఎంత మిగులు ఉంటే అంత పెద్ద వాన వరకూ బొమ్మ నిలుస్తుంది. సరిచేసేటప్పుడు స్ట్రెంగ్త్ గీతను కాకుండా క్వాలిటీ గీతను చూడాలి, ఎందుకంటే మొదటిది సిగ్నల్‌తో పాటు నాయిస్‌ను (అక్కర్లేని రొదను) కూడా కలిపి కొలుస్తుంది.