నాన్న పాదం

మంగళవారం, రాత్రి

పొద్దున్న ఆఫీసుకు బయల్దేరే ముందు నాన్న కాలికి కట్టు మార్చాను. బొటనవేలి కింద పుండు తగ్గుముఖం పట్టింది. అంచులు గులాబీ రంగుకు తిరిగాయి, కట్టుకు చీము అంటలేదు. పోయిన వారం అదే చోట చుట్టూ ఎర్రగా కమిలి, చేయి పెడితే వేడిగా తగిలేది.

"నొప్పిగా ఉందా నాన్నా?" అంటే ఎప్పటిలాగే "ఏమీ లేదమ్మా" అన్నారు. నాకు భయం వేసేది ఆ మాటకే. ఏళ్ల తరబడి ఉన్న షుగరు ఆయన పాదాల్లో స్పర్శను తినేసింది. మొన్న డాక్టరు గారు సన్నటి నైలాన్ పోగుతో అరికాలిని అక్కడక్కడా తాకి, తెలిసినప్పుడల్లా చెప్పమన్నారు. నాన్న కళ్లు మూసుకుని బుద్ధిగా కూర్చున్నారు. కాసేపటికి "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగారు. అప్పటికి పరీక్ష సగం అయిపోయింది.

అసలు ఈ పుండు బయటపడిందే చిత్రంగా. తిండి మారలేదు, మాత్రలు మానలేదు, అయినా షుగరు ఎగబాకుతోంది. అమ్మేమో ఆయన చాటుగా మిఠాయి తింటున్నారని అనుమానించింది. డాక్టరు గారు మాత్రం సాక్సు తీయమన్నారు. ఇన్ఫెక్షన్ సోకితే శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లను ఎక్కువగా వదులుతుంది, వాటివల్ల షుగరు పెరుగుతుంది. పెరిగిన షుగరు, బ్యాక్టీరియాను మింగేయాల్సిన తెల్ల రక్తకణాలను మందగింపజేస్తుంది. ఒకదాన్ని ఇంకొకటి పెంచుతూ పోతాయి. దానికి తోడు కాలి రక్తనాళాలు కూడా సన్నబడి ఉంటే, యాంటీబయాటిక్ సైతం పుండు దాకా సరిగా చేరదు. పుండు నుంచి తీసిన నమూనాను కల్చర్‌కు, అంటే అందులో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్షకు పంపితే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అని వచ్చింది. ఎముకకు పాకలేదని ఎక్స్‌రే చూసి చెప్పాక గానీ నాకు ఊపిరాడలేదు.

"షుగరు వాళ్లకు పుండ్లు మానవు లే" అని చూడటానికి వచ్చినవాళ్లు అంటుంటే ఒళ్లు మండుతుంది. త్వరగా కనిపెట్టి, పుండు మీద బరువు పడకుండా చూసి, మందు పూర్తిగా వాడితే ఎన్నో మానుతాయి. ఎలాగూ మానవు లే అనుకుని ఊరుకోవడం వల్లే కాళ్లు పోతాయి.

మధ్యాహ్నం ఆఫీసులో ఒక స్నేహితురాలు దిగులుపడుతూ వచ్చింది. వాళ్ల అత్తగారికీ షుగరే. మూత్ర పరీక్షలో బ్యాక్టీరియా ఉన్నట్టు వచ్చినా డాక్టరు మందు రాయలేదట. మంట, జ్వరం లాంటివేమీ లేవంది. అలా ఏ బాధా లేనప్పుడు షుగరు ఉన్నా సాధారణంగా యాంటీబయాటిక్ ఇవ్వరని, అనవసరంగా వాడితే మందుకు లొంగని బ్యాక్టీరియా మిగులుతుందని చెప్పాను. చలిజ్వరమో నడుము పక్కన నొప్పో వస్తే మాత్రం ఆ రోజే తీసుకెళ్లమన్నాను.

సాయంత్రం నాన్న షుగరు నిన్నటికన్నా తగ్గింది. ఇక యాంటీబయాటిక్ మాత్రలు ఆపేద్దామా అన్నారు. రాసిచ్చినన్ని రోజులూ వేసుకోవాల్సిందేనని గట్టిగానే చెప్పాను. రేపు డాక్టరు గారి దగ్గర బొటనవేలి మీద ఒత్తిడి పడని చెప్పుల సంగతి అడగాలి. రెండో పాదం కూడా వేళ్ల సందులతో సహా చూడమనాలి.