తిరిగే కెమెరా పెట్టాక తెలిసొచ్చిన సంగతి

పోయిన వానాకాలం మా దుకాణం వెనక జాగాలోంచి బోరు మోటారు కేబుల్ కట్టలు రెండు పోయాయి. నర్సంపేట రోడ్డు మీద మాది ఇనుము, సిమెంటు, పైపుల దుకాణం. వెనక ఇరవై గుంటల జాగాలో సరుకంతా ఆరుబయటే ఉంటుంది. దొంగతనానికి రెండు నెలల ముందే జాగా మధ్యలో స్తంభం పాతించి చుట్టూ తిరిగే కెమెరా పెట్టించాను. "ఇదొక్కటి చాలన్నా, నాలుగు కెమెరాల పని చేస్తది" అని బిగించినాయన చెప్తే నమ్మాను.

రికార్డింగ్ తీసి చూస్తే కెమెరా పాడవలేదు, కరెంటు పోలేదు. గేటు, కాంటా, సిమెంటు షెడ్డు, సలాకల కుప్ప, వెనక గోడ, ఇట్లా ఐదు చోట్ల ముప్పై సెకన్ల చొప్పున ఆగుతూ తిరిగేటట్టు పెట్టిపోయాడు. అంటే ప్రతి రెండున్నర నిమిషాల్లో ఒక్కో చోటును అర నిమిషమే చూస్తుంది, మిగతా రెండు నిమిషాలు అక్కడ ఏం జరిగినా దానికి తెలియదు. రాత్రి 1:12కి వెనక గోడ దగ్గర కట్టలున్నాయి, వాటి మీది టార్పాలిన్ అంచు గాలికి లేస్తున్నది కూడా కనబడుతుంది. 1:14 దాటాక మళ్లీ అటు తిరిగేసరికి టార్పాలిన్ కింద పడి ఉంది, కట్టలు లేవు. మనిషి నీడ కూడా దొరకలేదు.

ఇంకో మాట చెప్పాలి. కట్టలు పోయినట్టు మేం చూసుకున్నది నాలుగు రోజులకు. ఏ రాత్రి పోయాయో తెలియక ముందే బాపు అనుమానం మా పాత హమాలీ మీదికి పోయింది, ఒక మాట అన్నాడు కూడా, అతను పనికి రావడం మానేశాడు. రికార్డింగ్‌లో తేదీ, టైము చూశాక తెలిసింది, ఆ రాత్రి మా లారీ టైరు పంక్చరై పరకాల దగ్గర ఆగిపోతే మా డ్రైవర్‌తో పాటు తెల్లారేదాకా ఉన్నది అతనే. బాపే వాళ్లింటికి పోయి తీసుకొచ్చాడు. దొంగ దొరక్కపోయినా ఆ ఒక్క టైము దొరకడం నాకు పెద్ద విషయం.

ఇప్పుడు పెట్టుకున్న పద్ధతి ఇది. నాలుగు మూలలా కదలని కెమెరాలు, ఒక్కోటి తన మూలను ఇరవై నాలుగు గంటలూ చూస్తూనే ఉంటుంది. తిరిగే కెమెరా రాత్రి ఎప్పుడూ వెనక గోడ వైపే ఉంటుంది. మూల కెమెరాల్లో దేనికైనా మనిషి కనబడితే తిరిగేది అటు మళ్లి దగ్గరగా చూపిస్తుంది, పని అయ్యాక తన చోటికి తానే వస్తుంది. మనిషి వెంట తిరిగే సౌకర్యం మంచిదే, కానీ ఒకడు గేటు దగ్గర దాన్ని తన వైపు తిప్పుకుంటే ఇంకొకడు గోడ దూకొచ్చు, అందుకే కదలని కెమెరాలు తీసేయకండి. అలర్టులు మనుషులకు, బండ్లకే వచ్చేటట్టు పెట్టండి, లేకపోతే కుక్కలకూ, ఊగే టార్పాలిన్‌కూ ఫోను మోగి మోగి చివరికి అసలు రోజు మీరే చూడరు.

కొనేటప్పుడు జూమ్ గురించి గట్టిగా అడగండి. లెన్స్ కదిలి దగ్గరికి తెచ్చే ఆప్టికల్ జూమ్ అయితేనే బండి నంబరు చదవగలం, డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మను సాగదీయడమే. మన దేశంలో సీసీ కెమెరాలకు ఎస్‌టీక్యూసీ అనే ప్రభుత్వ సంస్థ భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు, అదీ అడగండి. వచ్చిన రోజే పాస్‌వర్డ్ మార్చండి. ఏనుమాముల వైపు కోల్డ్ స్టోరేజీల్లాంటి పెద్ద జాగాలున్నవాళ్లు నెట్‌వర్క్ కేబుల్ వంద మీటర్లు దాటితే మధ్యలో నెట్‌వర్క్ స్విచ్, అంటే సిగ్నల్‌ను ముందుకు పంపే పెట్టె, పెట్టించుకోవాలి. రికార్డర్‌ను మాత్రం కౌంటర్ కింద పెట్టకండి, దొంగ ముందు ఎత్తుకుపోయేది దాన్నే.

ములుగు రోడ్డులో ఒక పని దగ్గర రెండు నెలలు సలాకలు దించాల్సి వచ్చింది, అక్కడ కరెంటు లేదు. సోలార్ పలకతో, సిమ్‌తో నడిచే కెమెరా పెట్టాను, పని అయ్యాక విప్పి తెచ్చుకున్నాను. ఇలాంటివి చాలావరకు బ్యాటరీ మిగల్చడానికి నిద్రలో ఉంటాయి, మనిషి కదలికకు లేస్తాయి, లేచేలోపు మొదటి ఒకటి రెండు సెకన్లు పోవచ్చు. ముసురు పట్టిన రోజుల్లో చార్జింగ్ చూసుకుంటూ ఉండాలి. రికార్డింగ్ దాచే మెమరీ కార్డు కెమెరాలోనే ఉంటుంది కాబట్టి కెమెరా పోతే రికార్డింగ్ కూడా పోయినట్టే, వీడియో ఫోనుకు కూడా వచ్చేటట్టు పెట్టుకోవాలి.

మా దగ్గర రోజూ ఇబ్బంది పెట్టేది సిమెంటు దుమ్ము, సాలెగూళ్లు. రాత్రి కెమెరా వెలుతురుకు పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడు అద్దం ముందే గూడు అల్లుతుంది, తెల్లారి చూస్తే తెరంతా తెల్లటి దారాలే. వారానికోసారి మెత్తటి బట్టతో తుడవాలి. మా దగ్గర నిచ్చెన ఎక్కి తుడిచేది ఆ హమాలీయే, కింద నిచ్చెన పట్టుకునేది బాపు.