అక్క కరపత్రం కంపోజ్ చేసిన రోజు

ఈరోజు షాపులో పెద్దగా పనేం లేదు. పొద్దున రెండు పెళ్ళి పత్రికలు, ఒక దినాల కార్డు, మిగతావన్నీ ఆధార్ జిరాక్సులే. పదకొండు దాటినాక మా వార్డు అక్క వచ్చింది, చేతిలో లాంగ్ నోట్‌బుక్కు, దాంట్లో మడత పెట్టిన కాగితం ఒకటి. అక్క అంటే నాకు సొంత అక్క కాదు, హంద్రీ పక్కన మా సందుల్లో అందరికీ అక్కే, వయసులో పెద్దోళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. కర్నూలు కార్పొరేషన్‌కి ఎలక్షన్ ఎప్పుడు పెట్టినా ఇండిపెండెంట్‌గా నిలబడతానని మొన్నే చెప్పింది, నాకు శానా సంతోషమైంది. ఈరోజు కరపత్రం చేయించుకునేకి వచ్చింది. సింగిల్ కలర్, చిన్న సైజు, ఒక పక్క తెలుగు ఇంకో పక్క ఉర్దూ. ఉర్దూ నాకు రాదు, వన్ టౌన్‌లో ఉర్దూ టైపు చేసే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ తెలిసిన పిల్లోడు ఉన్నాడు, వానితో చేయించి ఫైల్ తెప్పిస్తానని చెప్పినాను.

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఇట్లాంటివి నేను కంపోజ్ చేస్తూనే ఉంటా, ఏ పార్టీ అయినా సరే. పైన పెద్ద నాయకుల ఫొటోలు, మధ్యలో చేతులు జోడించుకున్న అభ్యర్థి, కింద హామీలు. ఆ హామీలు చూస్తే వార్డు ఎలక్షన్‌కా పార్లమెంట్ ఎలక్షన్‌కా అర్థం కాదు, గుండ్రేవుల రిజర్వాయర్ కట్టిస్తాం, హైకోర్టు బెంచి తెప్పిస్తాం, ఇండ్లు ఇప్పిస్తాం అని అన్నీ ఉంటాయి. అక్క కుర్చీలో కూర్చోని కాగితం తెరిచి మొదట చెప్పిన మాట ఏందంటే, "తమ్ముడూ, కార్పొరేటర్ చేతిలో లేనిది ఒక్కటి గూడా దీంట్లో రాకూడదు. టైప్ చేసేటప్పుడు అట్లాంటిది కనపడితే నన్ను అడగాల్సిన పనిలే, నువ్వే కొట్టెయ్."

గుండ్రేవుల వద్దని కాదు అక్క అనేది. తుంగభద్ర మీద సుంకేసుల బ్యారేజీ ఎగువన అది కడితే ఎండాకాలంలో ఈ ఊరికి నీళ్ళ బాధ ఎంత తగ్గుతుందో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. హైకోర్టు సంగతీ అంతే, 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో రాసుకున్న మాట, 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు మనది, ఆ బాధ ఇక్కడ ఎవరికి ఉండదు చెప్పండి. "అయన్నీ నాకూ కావాల్సినవే, ధర్నా అంటే నేనూ వచ్చి కూర్చుంటా. కానీ అయి అసెంబ్లీలో తేలేవి, ఢిల్లీలో తేలేవి. నేను అడిగేది కౌన్సిల్లో కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుంటే ఏం చేయొచ్చో అదే చెప్పాల మనం జనాలకు." నేను ఇన్నేండ్లుగా ఎన్ని కరపత్రాలు టైప్ చేసినానో, ఈ మాట ఎవరి నోటా వినలేదు.

నోట్‌బుక్కు మొదటి పేజీలో రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు చేత్తో రాసి ఉంది. 1992లో చేసిన 74వ సవరణతో వచ్చింది అది, మున్సిపాలిటీలకు అప్పగించొచ్చు అని 18 అంశాలు. అక్క చిన్న కూతురు ఫోన్లో చూసి తెలుగులో రాసిచ్చిందంట. తాగునీళ్ళు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, పార్కులు, శ్మశానాలు, జనన మరణాల లెక్కలు, ఇట్ల ఒక్కోదాని పక్కన అక్క టిక్కు పెట్టుకుంది, మన కార్పొరేషన్ నిజంగా చేసే పని అయితేనే టిక్కు. ఫైర్ సర్వీసు పక్కన టిక్కు లేదు, ఎందుకంటే షెడ్యూల్లో ఉన్నా మన దగ్గర అది రాష్ట్ర ప్రభుత్వం కిందే ఉంది. పదో తరగతి దాకా చదివి, ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటా బతికే మనిషి ఇంత ఓపిగ్గా చూసుకుందంటే నాకు భలే గౌరవం అనిపించింది.

మేటర్లో "అభ్యర్థి పరిచయం" అని ఒక చిన్న పేరా పెట్టాల కదా, దాని కోసం అడిగితే అక్క రెండు ముక్కల్లో తేల్చేయాలని చూసింది, నేనే కూర్చోబెట్టి అడిగినాను. పుట్టినూరు పెద్దపాడు. దామోదరం సంజీవయ్య గారి ఊరు అది, 1921లో ఆ ఊర్లో పేద దళిత కుటుంబంలో పుట్టి 1960లో ముఖ్యమంత్రి అయిన మనిషి. అక్కకు చిన్నప్పుడు వాళ్ళ అవ్వ ఆయన గురించి చెప్తా ఉండేదంట, అంత పదవి చేసి కూడా ఆస్తి ఏం మిగుల్చుకోలేదని, ముసలోళ్ళకు పింఛన్లు మొదలైంది ఆయన కాలంలోనే అని. కరపత్రంలో ఆయన ఫొటో పెడదామా అక్కా అంటే వద్దంది. ఆయన పేరు చెప్పి ఓటు అడిగేంత పని నేనింకా చేయలేదు అని.

పెండ్లయి కర్నూలు వచ్చినాక కథంతా మాకు తెలిసిందే. 2009 అక్టోబర్ 2, ఆ రోజు ఈ ఊర్లో ఉన్నోళ్ళు ఎవరూ మర్చిపోరు. అటు తుంగభద్ర ఇటు హంద్రీ, రెండూ ఒక్కసారే మీద పడినాయి, మా సందుల్లో నీళ్ళు కింది ఇండ్లు మునిగి పై అంతస్తుకు ఎక్కినాయి, మిద్దెల మీద రాత్రంతా జనం. నీళ్ళు దిగినాక చూస్తే ఇంటినిండా బురద, బియ్యం పోయినాయి, పిల్లల సర్టిఫికెట్లు, రేషన్ కార్డులు, ఇంటి కాగితాలు అన్నీ ముద్దయిపోయినాయి. అప్పుడు అక్క చేసింది ఏందంటే, బురద కడిగి ఆరబెట్టిన మిషన్ టేబుల్ వాకిట్లో వేసుకొని, వచ్చినోళ్ళకల్లా అర్జీలు రాసిపెట్టేది. నీ కార్డు నంబరు గుర్తుందా, మీ పిల్లోడు ఏ స్కూల్లో టెన్త్ రాసినాడు, ఇట్ల అడిగి అడిగి రాసేది. ఒక ఆఫీసులో పది మందిని తిప్పితే ఆమె పది మందినీ వెంటబెట్టుకొని పోయి కాగితం తీసుకునేదాకా వాకిట్లో నిలబడేది. తర్వాత మెప్మా పొదుపు గ్రూపు లీడర్ అయింది. గ్రూపు లెక్కల పుస్తకం ఎవరు అడిగినా చూపిస్తుంది, అడగకపోయినా చూపిస్తుంది.

ఇంకోటి, ఇప్పటోళ్ళకు తెలీదేమో గానీ మా ఊర్లో 2010లో కార్పొరేషన్ పాలకవర్గం గడువు అయిపోయినాక మళ్ళీ 2021 మార్చి దాకా ఎన్నికలే జరగలేదు. అన్నేండ్లు ప్రత్యేకాధికారుల పాలనే. మురిక్కాల్వ పొంగితే ఎవరికి చెప్పాల, లైటు వెలగకపోతే ఎవర్ని అడగాల, తెలిసేది కాదు. ఆ కాలంలోనే జనం అక్క ఇంటికి పోవడం అలవాటైంది, ఆమెకు పదవేం లేకపోయినా. 2021లో నిలబడమని మేమందరం అడిగినాము, కానీ ముగ్గురు పిల్లలు, ఇద్దరి కన్నా ఎక్కువ మంది ఉంటే పోటీ చేయకూడదనే రూలు అడ్డమొచ్చింది. ఆ రూలు 2024 నవంబర్లో అసెంబ్లీ తీసేసింది. అందుకే ఇప్పుడు నిలబడతా ఉంది. అసలు ఆ రూలుతో ఎంతమంది మంచి ఆడోళ్ళు ఆగిపోయినారో అని నాకు బాధ, పిల్లల్ని ఎంతమందిని కనాలో ఆ ఇంట్లో ఆమె మాట సాగిందో లేదో ఎవరడిగినారు.

హామీల దగ్గరికొచ్చేసరికి నాకూ అక్కకూ కొంచెం వాదన అయింది. నేనేమో రోడ్డు మొదట పెడదాం, జనం కంటికి కనపడేది అదే అన్నాను. అక్క కాదు, కొళాయి అంది. నోట్‌బుక్కులో ఇంకో పేజీ తెరిచి చూపించింది. మా వార్డులో నీళ్ళు వదిలినప్పుడు, వాల్వ్ దగ్గరుండే మొదటి ఇంట్లో బిందె ఎంతసేపట్లో నిండుతుంది, సందు చివరి ఇంట్లో ఎంతసేపట్లో నిండుతుంది అని టైము రాసుకుంది, ప్రతి సందుకూ. మొదటి ఇంట్లో బిందె పెట్టి తిరిగేలోపల నిండితే, చివరింట్లో సన్నగా కారతా ఉంటుంది, కొన్ని సందుల్లో చివరింటి పక్కన ఉత్త గీత మాత్రమే ఉంది, అంటే నీళ్ళే రాలేదని. కారణం అందరికీ తెలిసిందే, మధ్యలో ఉన్నోళ్ళు కొళాయికి మోటర్లు బిగించి లాగేస్తారు. ఎండాకాలం ఇంకా ఘోరం, తుంగభద్ర ఎండిపోతే గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి ఎప్పుడు నీళ్ళు వదుల్తారా అని ఊరంతా ఎదురుచూసే పరిస్థితి, అప్పుడు వచ్చే నీళ్ళే తక్కువ, ఆ తక్కువలో చివరోళ్ళకు ఏం మిగుల్తాయి.

మోటర్లు పెట్టినోళ్ళ మీద కంప్లైంట్ చేస్తావా అక్కా, వాళ్ళూ ఓటర్లే కదా అన్నాను. అక్క అప్పుడే ఒక సందులో చేసి చూసిందంట. మోటర్ ఉన్న ఇండ్ల ఆడోళ్ళను పిల్చుకపోయి చివరింటి ముసలామె బిందె దగ్గర కూర్చోబెట్టింది, ఏం మాట్లాడకుండా నీళ్ళు వదిలిన సేపంతా. మరుసటిసారి నీళ్ళు వచ్చినప్పుడు ఇద్దరు మోటర్లు ఆన్ చేయలేదు, ఒకామె మాత్రం చేసింది. "ఆమె ఇంట్లో ఎనిమిది మంది ఉండారు తమ్ముడూ, ఆమెను తిట్టి ఏం లాభం, ఆ లైనుకు పైపు సైజు మార్చాల, ఇంకో వాల్వ్ పెట్టాల. అది కౌన్సిల్లో అడగాల్సిన పని." కరపత్రంలో మొదటి లైను అదే పెట్టినాను, చివరి ఇంటికి నీళ్ళు అని, అక్షరాలు కూడా పెద్దవి చేసినాను, అక్క వద్దన్నా వినలేదు.

రెండోది కాల్వలు. మా వార్డు మురుగంతా పోయి హంద్రీలోనే పడుతుంది, హంద్రీ పోయి ఈ ఊర్లోనే తుంగభద్రలో కలుస్తుంది, 2020లో పుష్కరాలకు జనం వచ్చి తలమీద నీళ్ళు చల్లుకున్న తుంగభద్ర. వానాకాలం ముందే పూడిక తీయించాల, తీసిన పూడిక అక్కడే గట్టున పోసి పోకూడదు, మళ్ళీ మొదటి వానకే లోపలికి పోతుంది. హంద్రీ ఒడ్డున గుడిసెలు వేసుకున్నోళ్ళ గురించి ఏం రాయమంటావ్ అక్కా అని అడిగినాను, ఎందుకంటే అది అందరూ తప్పించుకునే విషయం. కాసేపు ఆలోచించి, "ముందు వేరే చోట జాగా చూపించి తర్వాతే లేపాల అని నేను కౌన్సిల్లో మాట్లాడతా. జాగా ఇప్పిస్తానని మాత్రం రాయొద్దు, అది రెవెన్యూ వాళ్ళ చేతిలోది" అంది. దేన్ని ఎక్కడిదాకా చెప్పాలో ఇంత లెక్కగా ఉంటుంది మనిషి.

లైట్లు, కుక్కలు, మున్సిపల్ స్కూల్ బాత్రూములు, ఇవి రెండు లైన్లలో అయిపోయినాయి. చెత్త దగ్గర మాత్రం ఒక మాట పట్టుబట్టి రాయించింది, పారిశుద్ధ్య కార్మికులకు గ్లౌజులు, బూట్లు, సమయానికి జీతం అడుగుతాను అని. 2023 డిసెంబర్ చివర్లో రాష్ట్రమంతా వాళ్ళు సమ్మెకు దిగినప్పుడు మా సందుల్లో చెత్త కుప్పలు పడి కంపు కొడతాంటే జనం వాళ్ళనే తిట్టినారు. అక్క ఒక్కతే వాళ్ళ టెంట్ దగ్గరికి పోయి కూర్చునింది. మన ఇంటి ముందు చెయ్యి పెట్టి తీసేది వాళ్ళు, వాళ్ళను తిట్టే నోరు ఎట్ల వస్తుంది అని ఇంటింటికీ చెప్పింది. దాని వల్ల ఓట్లు వస్తాయో పోతాయో ఆమె చూసుకోలేదు.

ఒక్కదానివి, ఏ పార్టీ లేదు, 52 మంది కూర్చునే కౌన్సిల్లో నీ మాట ఎవరు వింటారు అని అందరూ అడిగేదే నేనూ అడిగినాను. మా ఊర్లో 2021లో కూడా ఇండిపెండెంట్లు గెలిచినారు, కాబట్టి గెలిచేది జరగని పని కాదు, గెలిచినాక సంగతే నా భయం. అక్క చెప్పింది ఏందంటే, ఎజెండా కాగితాలు వచ్చిన రోజే రావిచెట్టు కట్ట మీద కూర్చోని అందరికీ చదివి వినిపిస్తా, కౌన్సిల్లో నేను ఏం అడిగినాను, వాళ్ళు ఏం జవాబు చెప్పినారు, మీటింగ్ అయిన మరుసటి ఆదివారం అక్కడే చెప్తా, నేను ఓడిపోయిన అంశాలు గూడా చెప్తా. ఇంకోటి, పనులు చేసే కాంట్రాక్టరు బోర్డులో రేటు, కొలతలు రాయకపోతే ఆ పని దగ్గర నిలబడి అడుగుతా. డబ్బులు పంచేది లేదని నన్ను అడగకుండానే మేటర్లో చివర రాసుకొచ్చింది, పంచితే ఆ డబ్బు మళ్ళీ కాల్వ పనిలోనే కదా రాబట్టుకోవాల అని పక్కన పెన్సిల్‌తో, ఆ మాట గూడా అచ్చు వేసేసినాను.

మధ్యాహ్నం ఉగ్గాణి, బజ్జీ తెప్పిచ్చినాను, తింటా ప్రూఫ్ చూసింది. ఉన్న తప్పుల్లో శానా వరకు ఆమే పట్టింది. కింద ప్రింటర్ పేరు, అడ్రసు, కాపీలు ఎన్నో రాసేది మర్చిపోవద్దని గూడా ఆమే గుర్తు చేసింది. గుర్తు కోసం కుడి పక్కన ఖాళీ డబ్బా వదిలినాము, పార్టీ వాళ్ళ మాదిరి గుర్తు ముందే చేతిలో ఉండదు కదా ఇండిపెండెంట్లకు, విత్‌డ్రాలు అయిపోయినాక ఇస్తారు, అప్పటికి పోలింగ్‌కి ఎక్కువ రోజులు కూడా ఉండవు. ఆ కొద్ది రోజుల్లో కొత్త గుర్తు ప్రతి ఇంట్లో ముసలోళ్ళకు కూడా గుర్తుండేలా చేయాల, నా మటుకు ఇదే అన్నింటికన్నా పెద్ద కష్టం, గుర్తు వచ్చిన రాత్రే ప్రింట్ తీసి తెల్లారేసరికి పంచాలని ఇప్పుడే ప్రెస్సు అన్నతో మాట్లాడి పెట్టినాను. రిజర్వేషన్ గూడా ఇంకా తేలాల, వార్డు జనరల్ వచ్చినా మహిళ వచ్చినా నిలబడతా అంది, వేరే కేటగిరీకి పోతే ఆ సారి కుదరదు, అప్పుడు ఈ మేటరే గెలిచినోళ్ళకు ఇచ్చి పని చేయించుకుందాం అంది.

పోయేటప్పుడు నామినేషన్‌కు ప్రతిపాదించే మనిషి అదే వార్డులో ఓటరై ఉండాలంట, ఎవర్ని అడగాల్నో అని లిస్టు తీసింది. లిస్టు అవసరం లేదక్కా, నేను పెడతా సంతకం అని చెప్పి, నా ఓటరు కార్డు జిరాక్సు అప్పుడే తీసి ఆ నోట్‌బుక్కులో పెట్టినాను.