పే స్టబ్‌లో ఆ రెండు కటింగులు చూసుకోండి

సంక్రాంతికి ఊరెళ్ళాను, పాలకొల్లు దగ్గర మాది. కనుమ రోజు సాయంత్రం అరుగు మీద కూర్చుంటే పక్కింటి పిన్ని ఫోన్ పట్టుకొచ్చి, బాబూ, మీ తమ్ముడికి అమెరికాలో ఉద్యోగం వచ్చి మూడు నెలలైంది, జీతంలో ఏవేవో కోసేస్తున్నారంట, నువ్వక్కడ చేసొచ్చావు కదా ఓసారి చూడు నాయనా అంది. వాడు పే స్టబ్, అంటే జీతం చీటీ, ఫోటో పంపాడు. రెండు వారాలకి 2,500 డాలర్లు, ఫెడరల్ ట్యాక్స్ సరే, దాని కింద అక్కడి ప్రభుత్వ పెన్షన్ పథకం సోషల్ సెక్యూరిటీకి 155, పెద్దవాళ్ళ వైద్య బీమా మెడికేర్‌కి 36.25.

ఆ రెండూ చూడగానే ప్రాణం ఉసూరుమంది. నాకూ ఏడాది పాటు అలాగే కోశారు, హెచ్ఆర్‌ని అడిగితే అందరికీ కట్ అవుతుంది అన్నారు, నేనూ నోరు మూసుకున్నాను.

వాడు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఓపీటీలో, అంటే చదువుతో పాటు వచ్చే ఉద్యోగ అనుమతి మీద ఉన్నాడు, 2023 ఆగస్టులో వెళ్ళాడు. స్టూడెంట్ వీసా మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో అక్కడున్న రోజులు ట్యాక్స్ లెక్కలోకి రావు, ఆగస్టులో దిగినా డిసెంబర్లో దిగినా ఆ ఏడు మొత్తం ఒకటి కింద లెక్క, అంటే వాడికి 2027 ఆఖరు దాకా. అప్పటిదాకా ట్యాక్స్ లెక్కల్లో నాన్ రెసిడెంటే, అంటే అక్కడి నివాసి కాడు, ఎఫ్-1 మీద ఉన్నన్నాళ్ళూ ఆ 6.2 శాతం, 1.45 శాతం కొయ్యకూడదు. ఏడాదికి 26 జీతాలు, అంటే 4,972.50 డాలర్లు! తోట తాకట్టు పెట్టి పంపారండి వాడిని, ఆ అప్పు వడ్డీకి అది ఎంత ఆసరా.

ముందు కంపెనీనే అడగాలి, వీసా కాపీ, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం, ఉద్యోగ అనుమతి చూపించే ఈఏడీ కార్డు జతచేసి మెయిల్ పెట్టమన్నాను. వాళ్ళు ఇవ్వకపోతే డబ్బు వెనక్కి అడిగే ఫారం 843, దాంతో 8316 నింపి అక్కడి ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్‌కి పంపాలి. నా డబ్బులు అలాగే వెనక్కొచ్చాయి, నెలలు పట్టింది గానీ వచ్చాయి.

ఇంకోటి, రిటర్న్ వేసేటప్పుడు ఫ్రెండ్స్ వాడే సాఫ్ట్‌వేర్‌లో గబగబా రెసిడెంట్ల ఫారం 1040 వేసెయ్యొద్దు, మనకి నాన్ రెసిడెంట్ల 1040-ఎన్ఆర్, దాంతోపాటు లెక్కలోకి రాని ఆ రోజుల్ని చూపించే 8843, ఏప్రిల్ 15 లోపు. మిగతా దేశాల స్టూడెంట్లలో చాలామందికి లేని వెసులుబాటు మన ఇండియా వాళ్ళకి రెండు దేశాల ట్యాక్స్ ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల ఉంది, స్టాండర్డ్ డిడక్షన్, అంటే ట్యాక్స్ వెయ్యకముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తం, 2025కి 15,750 డాలర్లు. అది తెలీక వదిలేసుకునే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది.

హెచ్-1బీ ఉద్యోగ వీసా వస్తే మాత్రం ఆ రోజు నుంచీ ఆ రెండు కటింగులూ మామూలే. అక్టోబర్ 1న మారితే ఆ ఏడాది 92 రోజులే లెక్కకొస్తాయి, రెసిడెంట్ అవ్వడానికి కావాల్సిన 183కి చేరవు కాబట్టి మామూలుగా ఆ ఏడాదికి ఇంకా నాన్ రెసిడెంటే, ఆ మరుసటేడు అక్కడే ఉంటే రెసిడెంట్ అయిపోతాడు, గ్రీన్ కార్డు లేకపోయినా సరే. అప్పుడు ఇక్కడి వడ్డీ కూడా అక్కడ చూపించాలి, ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల రిపోర్టు ఎఫ్‌బార్ వెయ్యాలి.

ఈ మాట వినగానే పిన్ని మొహం మారింది. చెరువు లీజు డబ్బులన్నీ మీ బాబాయి వాడి పేరు మీదే ఎఫ్‌డీ వేశాడురా అంది. కంగారు పడకు పిన్నీ, ఇంకా టైముంది, ఆ బాండ్లన్నీ ఫోటోలు తీసి వాడికి పంపించు అన్నాను. లోపలికెళ్ళి బీరువా తాళాలు తెచ్చింది.